విండోస్ మార్చేదెప్పుడు?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్టు ఆగిపోయింది. మర్నాడు పొద్దున మదనపల్లెలో, పుంగనూరులో, కుప్పంలో అంగళ్లు తెరిచి స్విచ్చి వేస్తే కంప్యూటర్లు ఎప్పటిలాగే ఆన్ అయ్యాయి. బిల్లులు వచ్చాయి, జిరాక్సులు తిరిగాయి, పెళ్లిపత్రికలు అచ్చయ్యాయి. దాంతో "ఏమీ కాలేదు కదా, ఇంకేం మార్చేది" అని కొందరు నిశ్చింతగా ఉండిపోయారు. "ఇంక ఇది పనికిరాదంట, కొత్తది కొనాల్సిందే" అని కొందరు అప్పు కోసం తిరిగారు. ఈ రెండూ సరైన దారులు కావు.

ఈ ప్రాంతంలో కంప్యూటరు మీద బతికేవాళ్లలో ఎక్కువమంది చిన్నవాళ్లు. జిరాక్సు అంగడి, ఇంటర్నెట్ సెంటరు, డీటీపీ, ఫొటో స్టూడియో, టమోటా మండీ, జీఎస్‌టీ రిటర్నులు వేసే అకౌంటెంటు, ప్రైవేటు స్కూలు ఆఫీసు. వీళ్ల కంప్యూటరు రెండు రోజులు పడకేస్తే ఆ రెండు రోజుల సంపాదన పోయినట్టే. అందుకే మార్చాలా వద్దా అనేదానికన్నా, ఎప్పుడు మార్చాలి, ఏమేం చూసుకుని మార్చాలి అనేది వీళ్లకి పెద్ద ప్రశ్న. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కొత్తది వచ్చిన రోజే ఎగబడొద్దు, పాతదాని గడువు తీరాక సాగదీయొద్దు. ఈ రెంటి నడుమ ఏళ్ల తరబడి వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలో మీ పనికి అన్‌సీజన్ ఎప్పుడో చూసుకుని మారండి. విండోస్ 11 వచ్చింది 2021 అక్టోబరు 5న. విండోస్ 10 గడువు తీరింది 2025 అక్టోబరులో. అంటే తీరిగ్గా మారడానికి నాలుగేళ్లు దొరికాయి. చాలామంది ఆ నాలుగేళ్లూ వదిలేసి చివరి వారంలో గాబరాపడ్డారు.

సపోర్టు ఆగడమంటే ఏమిటో కాస్త నిదానంగా చూద్దాం. ఆపరేటింగ్ సిస్టం కోట్ల వరుసలున్న ప్రోగ్రాము. అంత పెద్దదాంట్లో తప్పులు ఉండకుండా ఉండవు. వాటిలో కొన్ని బయటివాడు లోపలికి దూరడానికి పనికొచ్చే కన్నాలు. అవి బయటపడే కొద్దీ మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం ప్యాచ్‌లు వదులుతుంది. 2025 అక్టోబరు 14 కూడా అలాంటి రెండో మంగళవారమే. ఆ తర్వాత కన్నాలు దొరకడం ఆగదు, పూడ్చడం మాత్రం ఆగుతుంది. పైగా విండోస్ 10, 11 రెండింటికీ లోపలి నిర్మాణం చాలామటుకు ఒకటే. 11లో ఒక కన్నం పూడ్చారంటే, ఆ ప్యాచ్‌ను విప్పి చదివి అదే కన్నం 10లో ఎక్కడుందో కనిపెట్టగలిగినవాళ్లు ఉన్నారు. కాబట్టి గడువు తీరిన యంత్రం ఆ రాత్రికి రాత్రే చెడిపోదు. నెల గడిచే కొద్దీ దానికి ప్రమాదం పెరుగుతుంది. ఆన్ అవుతోంది కదా అని ధీమాగా ఉండేవాళ్లకి ఈ సంగతి కనబడదు.

ఈ ప్రమాదం మనదాకా రాదులే అనుకోవద్దు. 2017 మే 12న వాన్నాక్రై అనే వైరస్ ప్రపంచం మీద పడింది. కంప్యూటర్లోని ఫైళ్లన్నిటికీ తాళం వేసి, తెరవాలంటే 300 డాలర్లు బిట్‌కాయిన్లలో కట్టమని తెర మీద ఎర్ర నోటీసు పెట్టింది. 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు చిక్కాయి. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల పోలీసు కంప్యూటర్లు కొన్ని దీని బారిన పడ్డాయి. తిరుమల తిరుపతి దేవస్థానం ఆఫీసు కంప్యూటర్లు కొన్ని కూడా ఆగిపోయాయి. మదనపల్లె, పుంగనూరు, కుప్పం అప్పట్లో చిత్తూరు జిల్లావే. అంటే వాన్నాక్రై మన జిల్లా దాకా వచ్చింది.

ఆ దాడిలో జనానికి గుర్తున్నది ఒకటి, జరిగింది ఇంకొకటి. పాత విండోస్ ఎక్స్‌పీ వాడబట్టే అలా అయిందని ఇప్పటికీ చాలామంది చెప్తారు. ఎక్స్‌పీ సపోర్టు 2014 ఏప్రిల్ 8నే ముగిసిన మాట నిజమే. కానీ వాన్నాక్రైకి చిక్కినవాటిలో నూటికి తొంభైకి పైగా విండోస్ 7 యంత్రాలేనని కాస్పర్‌స్కీ పరిశోధకులు లెక్కగట్టారు. విండోస్ 7కి అప్పటికి భద్రతా సపోర్టు ఉంది, 2020 జనవరి దాకా ఉండింది. ఆ వైరస్ దూరిన కన్నానికి మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14నే, రెండు నెలల ముందే ప్యాచ్ ఇచ్చేసింది. వేసుకోలేదంతే. అందుకని రెండు పనులను కలిపి చూడకూడదు. నెలనెలా వచ్చే భద్రతా అప్‌డేట్ ఒకటి, 10 నుంచి 11కి మారే అప్‌గ్రేడ్ ఇంకొకటి. రెండోదానికి నెలల వ్యవధి తీసుకోవచ్చు. మొదటిదాన్ని వారాల తరబడి ఆపితే, ఎంత కొత్త విండోస్ ఉన్నా ఒకటే. మన అంగళ్లలో డేటా అయిపోతుందనో, ప్రింటు మధ్యలో రీస్టార్ట్ అడుగుతుందనో అప్‌డేట్లను పూర్తిగా ఆఫ్ చేయించుకునే అలవాటు ఉంది. కంప్యూటరు బాగుచేసే కుర్రవాళ్లు కూడా అడక్కుండానే ఆఫ్ చేసి ఇస్తారు. 11కి మారాలా అన్న ఆలోచన కన్నా ముందు చేయాల్సింది, ఆ అప్‌డేట్లు ఆన్‌లో ఉన్నాయో లేదో సెట్టింగ్స్‌లో చూసుకోవడం.

మరి కొత్తది రాగానే ఎందుకు వద్దంటున్నాను? 2018 అక్టోబరు 2న విండోస్ 10కి ఒక పెద్ద అప్‌డేట్ వచ్చింది. వేసుకున్నవాళ్లలో కొందరికి డాక్యుమెంట్లు, ఫొటోలు మాయమయ్యాయి. మైక్రోసాఫ్ట్ నాలుగైదు రోజుల్లోనే దాన్ని ఆపేసి, సరిచేసి, నవంబరు 13న మళ్లీ వదిలింది. మొదటి రోజే బటన్ నొక్కినవాళ్లలో కొందరు నష్టపోయారు, ఆరు వారాలు ఓపిక పట్టినవాళ్లకి ఏమీ కాలేదు. లినక్స్ వైపు ఉబుంటు తయారుచేసేవాళ్లు ఈ ఓపికను పద్ధతిగానే పెట్టుకున్నారు. రెండేళ్లకోసారి వచ్చే దీర్ఘకాల వెర్షను విడుదలైన రోజే పాత దీర్ఘకాల వెర్షను వాడేవాళ్లకి అప్‌గ్రేడ్ కబురు పంపరు. నాలుగు నెలలకు తొలి సవరణ విడుదల వచ్చాకే పంపుతారు. 24.04 వెర్షను 2024 ఏప్రిల్లో వస్తే, దాని సవరణ 24.04.1 ఆగస్టు 29న వచ్చింది.

మదనపల్లె టమోటా రైతుకి ఇది కొత్త సంగతేమీ కాదు. కొత్త హైబ్రిడ్ విత్తనం వచ్చిందంటే ఉన్న చేనంతా ఎవరూ వేయరు. మొదట ఒక మూల వేసి, కాయ గట్టిదనం, తెగులు, మార్కెట్లో ధర చూసి, వచ్చే పంటకి విస్తరిస్తారు. నాలుగు కంప్యూటర్లున్న ఆఫీసైతే సరిగ్గా అదే చేయాలి. తక్కువ పని ఉన్న ఒకదాన్ని ముందు మార్చి, నెల రోజులు చూసి, తక్కినవాటి సంగతి ఆలోచించాలి. ఒకే కంప్యూటరున్న అంగడికి ఆ సౌకర్యం లేదు. అందుకే ఆ అంగడి యజమాని అందరికన్నా నిదానంగా, అందరికన్నా జాగ్రత్తగా మారాలి.

ఆలస్యం చేయకుండా మారడమే లాభమైన సందర్భాలూ ఉన్నాయి. తెలుగువాళ్లకి వాటిలో పెద్దది ఎక్స్‌పీ రాక. విండోస్ 98లో, 2000లో యూనికోడ్ తెలుగుకి దారి లేదు. 2001లో వచ్చిన ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటు వచ్చింది. అదీ నేరుగా కాదు. కంట్రోల్ ప్యానెల్లో భాషల అమరికలోకి వెళ్లి, సంక్లిష్ట లిపుల పక్కన టిక్కు పెట్టి, ఎక్స్‌పీ సీడీ లోపల పెడితేనే ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చునేవి. ఆ తర్వాత విండోస్ 7తో వాణి ఫాంటు, 8తో నిర్మల వచ్చాయి. తెలుగులో ఈమెయిల్ రాయాలి, తెలుగులో వెతకాలి అనుకున్నవాళ్లకి 98 నుంచి ఎక్స్‌పీకి మారడం వెంటనే చేయాల్సిన పని. చేతిలో ఉన్న పని పాత విండోస్‌లో జరగనే జరగదని తేలినప్పుడు మార్పుకి వేరే కారణం వెతకక్కర్లేదు. 10 నుంచి 11కి మారితే మన పనులకి అంతటి కొత్త వీలేమీ చేకూరదు. స్టార్ట్ బటన్ నడుమకు జరిగింది, మెనూలు మారాయి, భద్రత గట్టిపడింది. మారడానికి అసలు కారణం భద్రతే. దుకాణంవాడు వేరే ఆశ చూపిస్తే నమ్మొద్దు.

అదే తెలుగు, డీటీపీ అంగట్లో అప్‌గ్రేడ్‌కి పెద్ద అడ్డంకి కూడా అయింది. మదనపల్లెలో బెంగళూరు బస్టాండు వైపు ఒక డీటీపీ అంగట్లో కూర్చుని ఈ మాటలే మాట్లాడుతుంటే, యజమాని తన బాధ చేసి చూపించాడు. పాత కంప్యూటర్లో పేజ్‌మేకర్ తెరిచి, ఒక శుభలేఖ ఫైలు చూపించాడు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. అదే ఫైల్లోని మాటలను పక్కనున్న కొత్త ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేశాడు. "శ్రీరస్తు శుభమస్తు" ఉండాల్సిన చోట ఇంగ్లిషు అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు వరుసగా పడ్డాయి.

"చూడన్నా, ఇన్నేండ్ల ఫైళ్లు ఇట్లయిపోతే నేనేం చేసేది?" అన్నాడు.

"ఫైళ్లు పోలేదప్పా, ఫాంటు లేక అట్ల కనిపిస్తాండాయి. ఫాంటు ఎక్కిస్తే మళ్లీ చదవొచ్చు. పేజ్‌మేకర్ నడుస్తాదా లేదా అనేదే చూసుకోవల్ల" అన్నాను.

ఆ శుభలేఖలో వాడిన అను ఫాంట్లు యూనికోడ్ రాకముందు పద్ధతిలో తయారైనవి. ఇంగ్లిషు అక్షరాలకు కేటాయించిన స్థానాల్లో తెలుగు రూపాలను కూర్చారు. ఆ ఫాంటు ఉన్నచోట తెలుగు కనిపిస్తుంది, లేనిచోట కింద దాగిన ఇంగ్లిషు గుర్తులు బయటపడతాయి. అందువల్ల ఫాంటు ఫైళ్లను ముందుగా భద్రం చేసుకుంటే పాత పని దక్కుతుంది. పేజ్‌మేకర్ సంగతి వేరు. అడోబి 2001లో 7.0 తెచ్చాక దానికి మళ్లీ పెద్ద వెర్షను తేలేదు. విండోస్ 11 కోసం దాన్ని ఎవరూ పరీక్షించి ఇవ్వలేదు. ఒక యంత్రంలో నడుస్తుంది, ఇంకోదాంట్లో సరిగ్గా ప్రింటు కొట్టేటప్పుడు మొరాయిస్తుంది. కాబట్టి నడుస్తుందని ఎవరు చెప్పినా, మీ ఫైలు, మీ ప్రింటరు, మీ కీబోర్డు లేఅవుటుతో ఒకసారి మొదటి నుంచి చివరిదాకా పని చేసి చూడకుండా నమ్మొద్దు. లిపి సాఫ్ట్‌వేరు లైసెన్సు కొత్త యంత్రంలో మళ్లీ యాక్టివేట్ చేయాల్సి వస్తుందేమో అమ్మినవాళ్లను ముందే అడగాలి. ముఖ్యమైన పాత పనులన్నిటినీ పాత కంప్యూటరు బాగున్నప్పుడే పీడీఎఫ్‌లుగా మార్చి పెట్టుకోవడం మంచిది. పీడీఎఫ్‌లోకి ఫాంటు కూడా చేరిపోతుంది కనుక ఎక్కడైనా అలాగే తెరుచుకుంటుంది. కొత్త పనులను మెల్లగా యూనికోడ్‌లోకి తెచ్చుకోవచ్చు. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, రామభద్ర, ఎన్‌టీఆర్ లాంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి.

లెక్కల కోసం డాస్ కాలం నాటి ఫాక్స్‌ప్రో ప్రోగ్రాములు ఇంకా వాడేవాళ్లకి ఒక హెచ్చరిక. అవి 16 బిట్ ప్రోగ్రాములు. 32 బిట్ విండోస్ 10లో అవి నడిచేవి. విండోస్ 11లో 32 బిట్ రకమే లేదు. 64 బిట్ విండోస్ అలాంటి ప్రోగ్రామును తెరవనే తెరవదు. డాస్‌బాక్స్ లాంటి వేరే ఏర్పాటు ఏదైనా కుదురుతుందేమో తేల్చుకున్నాకే కదలాలి. ఇంటర్నెట్ సెంటర్లవాళ్లు చూసుకోవాల్సింది వేలిముద్ర యంత్రాన్ని, దాన్ని నడిపే ఆర్‌డీ సర్వీసు అనే ప్రోగ్రామును. అకౌంటెంట్లు డిజిటల్ సంతకం ఉండే యూఎస్‌బీ టోకెన్‌ను చూసుకోవాలి. పాత ప్రింటర్లు, స్కానర్ల డ్రైవర్లు కంపెనీ సైట్లో 11కి ఉన్నాయో లేదో మోడల్ నంబరు కొట్టి చూడొచ్చు. ఐదు నిమిషాల పని ఇది. అయినా ఎక్కువమంది మారిపోయాకే దీన్ని గుర్తుచేసుకుంటారు.

యంత్రం సరిపోతుందా అన్నది తెలుసుకోవడం కష్టమేమీ కాదు. విండోస్ 11కి కనీసం 4 గిగాబైట్ల ర్యామ్, 64 గిగాబైట్ల డిస్కు, సెక్యూర్ బూట్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలి. ప్రాసెసరు ఇంటెల్ అయితే ఎనిమిదో తరం నుంచి, ఏఎండీ అయితే రైజెన్ 2000 వరుస నుంచి ఒప్పుకుంటుంది, వాటిలో ఏవో కొద్దివి తప్ప. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పీసీ హెల్త్ చెక్ ప్రోగ్రాము నడిపితే అవునో కాదో అదే చెప్తుంది. కొన్ని కంప్యూటర్లలో టీపీఎం ఉండి కూడా బయోస్‌లో ఆఫ్ చేసి ఉంటుంది. లేదని చెప్పినంత మాత్రాన కొత్తది కొనడానికి పరుగెత్తకుండా, తెలిసినవాళ్లతో బయోస్ ఒకసారి చూపించుకోవాలి. 4 గిగాబైట్ల ర్యామ్ అన్నది కాగితం మీది లెక్క. 8 ఉంటే తప్ప, హార్డ్‌డిస్కు బదులు ఎస్‌ఎస్‌డీ ఉంటే తప్ప, రోజువారీ పని సుఖంగా సాగదు.

మన ప్రాంతానికి బెంగళూరు దగ్గర. ఎస్పీ రోడ్డుకి పోయి కంపెనీలు వదిలేసిన ల్యాప్‌టాప్‌లు చౌకగా తెచ్చుకోవడం ఇక్కడివాళ్లకి అలవాటు. మంచి అలవాటే. ఇప్పుడు మాత్రం ఒక సంగతి గమనించాలి. ఆరో తరం, ఏడో తరం ల్యాప్‌టాప్‌లు గుట్టలుగా అమ్మకానికి రావడానికి ఒక కారణం, అవి విండోస్ 11కి పనికిరాకపోవడం. స్టిక్కరు మీద ఐ5 అని చూసి ఊరుకోవద్దు. ఐ5-7200యు అంటే ఏడో తరం. ఐ5-8250యు అంటే ఎనిమిదో తరం. గీత తర్వాత వచ్చే అంకె తరం చెప్తుంది. పదో తరం నుంచి అక్కడ 10, 11 అని రెండంకెలు ఉంటాయి. ఈ ఒక్క అంకె తెలియక ఏడో తరం తెచ్చుకుంటే, కొన్న రోజే ఆ డబ్బు సగం వృథా అయినట్టు.

"బైపాస్ చేసి 11 ఎక్కిస్తాం" అనే అంగళ్లు ఉన్నాయి. ఎక్కుతుంది కూడా. అయితే అర్హత లేని యంత్రానికి అప్‌డేట్లు ఇస్తామన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ స్పష్టంగా చెప్పింది. 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షనైతే మరీ పాత ప్రాసెసర్ల మీద బూట్ కావడమే మానేసింది. ఇంట్లో పిల్లల ఆటలకైతే వారి ఇష్టం, కడుపు నింపే యంత్రం మీద మాత్రం ఈ ప్రయోగం వద్దు. క్రాక్ చేసిన విండోస్ మాట కూడా చెప్పాలి. ఉచితంగా యాక్టివేట్ చేసే ప్రోగ్రాములు యాంటీవైరస్‌ను ఆపమని ముందే అడుగుతాయి. అలా ఆపి లోపలికి రానిచ్చిన ప్రోగ్రాము ఇంకేం చేస్తోందో మనకి తెలియదు. అసలు లైసెన్సుతో విండోస్ 10 ఉన్న, అర్హత గల యంత్రానికి 11 ఉచితం.

మారలేనివాళ్లకి వ్యవధి లేకపోలేదు. సొంతానికి వాడే విండోస్ 10 కంప్యూటర్లకి 2026 అక్టోబరు 13 వరకు భద్రతా ప్యాచ్‌లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగులను సింక్ చేసుకుంటే డబ్బు కట్టక్కర్లేదు. లేదంటే 30 డాలర్లు. కంప్యూటర్లో విండోస్ 10 చివరి వెర్షను 22హెచ్2 ఉండాలి. సంస్థలకు వేరే లెక్క, యంత్రానికి మొదటి ఏడాది 61 డాలర్లు, ఆ తర్వాత ఏటా రెట్టింపు. ఇది గడువు పొడిగింపే గాని కొత్త సదుపాయాలేవీ రావు.

బ్రౌజరు గడువు ఇంకోటి ఉంటుంది. ఆన్‌లైన్ పని చేసేవాళ్లకి చివరికి అడ్డం పడేది అదే. ఎక్స్‌పీ సపోర్టు 2014లో ఆగితే, క్రోమ్ 2016 ఏప్రిల్లో దాన్ని వదిలేసింది. విండోస్ 7 గడువు 2020 జనవరిలో తీరితే, క్రోమ్ 2023 ఫిబ్రవరి దాకా లాక్కొచ్చింది. బ్రౌజరు పాతబడ్డాక బ్యాంకుల, ప్రభుత్వ సైట్లు ఒక్కొక్కటే తెరుచుకోవడం మానేస్తాయి. విండోస్ 10 మీద ఎడ్జ్ బ్రౌజరుకి కనీసం 2028 అక్టోబరు దాకా అప్‌డేట్లు ఇస్తామన్నారు. మీసేవ 2011లో మన చిత్తూరు జిల్లాలోనే మొదలైంది. అప్పటి నుంచి సర్టిఫికెట్ల పనంతా బ్రౌజరు చుట్టూనే తిరుగుతోంది. బ్రౌజరు బాగానే ఉందని విండోస్ భద్రతను మరిచిపోకూడదు. రెండు గడువుల్లో ముందు తీరేదే లెక్క.

అసలు ముట్టుకోకూడని యంత్రాలు కూడా ఉన్నాయి. వేబ్రిడ్జి దగ్గర లారీ తూకం చూపించే పాత కంప్యూటరుకి సీరియల్ కేబులు తప్ప ఇంకేమీ తగిలించి ఉండదు. దాని సాఫ్ట్‌వేరు రాసినవాడు ఎక్కడున్నాడో కూడా తెలియదు. అది ఎక్స్‌పీ అయినా సరే, నెట్ వైరు పీకేసి, బయటి పెన్‌డ్రైవులు పెట్టనీయకుండా, డిస్కు మొత్తానికి ఒక నకలు తీసి పెట్టుకుని, నడిచినన్నాళ్లు నడవనివ్వాలి.

ఇక ఏ రోజుల్లో మార్చాలి? దీనికి జవాబు మీ వ్యాపారం క్యాలెండరులోనే ఉంది. పెళ్లిపత్రికలు వేసే డీటీపీ అంగడికి ఆషాఢం కన్నా మంచి కాలం లేదు. ముహూర్తాలు ఉండవు, రెండు రోజులు యంత్రం ఆగినా ఎవరూ తలుపు తట్టరు. టమోటా మండీకి ఎండాకాలం నుంచి వానల దాకా లోడ్లు ఎక్కువ, అప్పుడు వద్దు. 2023 జూలై చివర్లో మదనపల్లెలో కిలో టమోటా 200 రూపాయల దరిదాపుల్లో పలికిన రోజుల్లో లెక్కల కంప్యూటరు ఒక్క పూట ఆగి ఉంటే ఎంత గొడవయ్యేదో మండీవాళ్లను అడిగితే చెప్తారు. జీఎస్‌టీ చూసేవాళ్లకి ప్రతి నెలా 11, 20 తేదీలు దాటాక నెలాఖరు దాకా కాస్త ఊపిరి ఆడుతుంది. ఇంటర్నెట్ సెంటర్లవాళ్లు ఇంటరు ఫలితాల నుంచి ఈఏపీసెట్ కౌన్సెలింగ్ ముగిసేదాకా కదలకుండా ఉండాలి. అన్‌సీజన్లో మారితే, ఏదైనా తిరగబడినా సరిచేసుకోవడానికి సమయం ఉంటుంది.

మార్చే ముందు బ్యాకప్ తీసుకోవాలన్నది అందరూ చెప్పేదే. తీసినదాన్ని ఇంకో కంప్యూటర్లో తెరిచి చూడమని మాత్రం తక్కువమంది చెప్తారు. నాలుగు ఫైళ్లు తెరుచుకుంటేనే అది బ్యాకప్. అది అంగట్లోనే, అదే బల్ల సొరుగులో ఉండకూడదు. 2024 జూలైలో మదనపల్లె సబ్‌కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచి భూముల దస్త్రాలు కాలిపోయినప్పుడు, ఒకే చోట ఒకే ప్రతి ఉంటే ఏమవుతుందో ఊరంతా చూసింది.

తాళంచెవి విషయం కూడా మరవద్దు. విండోస్ 11ను మైక్రోసాఫ్ట్ ఖాతాతో కొత్తగా ఎక్కించినప్పుడు చాలా యంత్రాల్లో డిస్కుకి దానంతట అదే ఎన్‌క్రిప్షన్ పడుతుంది. రేపు మదర్‌బోర్డు మార్చినా, బయోస్ కదిలినా 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ ఖాతాలో ఉంటుంది. కానీ మన అంగళ్లలో ఆ ఖాతా చాలాసార్లు ఎక్కించిన కుర్రవాడి ఈమెయిలుతో తెరిచి ఉంటుంది. అతను బెంగళూరుకి ఉద్యోగానికి పోతే మీ ఫైళ్ల తాళంచెవి అతనితో పోయినట్టే. ఖాతా మీ పేరున, మీ ఫోను నంబరుతో తెరిపించి, ఆ 48 అంకెలనూ కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.

కరెంటు సంగతి విడిగా చెప్పాలి. అప్‌గ్రేడ్ గంట నుంచి మూడు గంటలు పట్టొచ్చు, మధ్యలో కరెంటు పోతే విండోస్ అసలు లేవకుండా పోవచ్చు. ల్యాప్‌టాప్ అయితే నిండా చార్జింగ్ ఉండాలి, డెస్క్‌టాప్‌కి యూపీఎస్ ఉండాలి. హార్స్లీ హిల్స్ లాంటి చోట, నాలుగు వేల అడుగుల పైన, గాలివాన మొదలైతే కరెంటునీ నెట్‌నీ నమ్ముకుని ఈ పని పెట్టుకోకూడదు. విండోస్ ఫైలు ఐదు గిగాబైట్లకు పైనే ఉంటుంది. మదనపల్లెలో దిగి, మైక్రోసాఫ్ట్ సైటు నుంచే డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవులో తెచ్చుకుంటే కొండ మీద నెట్ లేకున్నా అప్‌గ్రేడ్ పూర్తవుతుంది. మారాక నచ్చకపోతే వెనక్కి పోయే వీలు పది రోజులు మాత్రమే ఉంటుంది. ఆ పది రోజుల్లో మీ పనులన్నీ ఒక్కోసారైనా చేసి చూడండి. ప్రింటు, స్కాను, వేలిముద్ర, డిజిటల్ సంతకం, పాత శుభలేఖ అన్నీ.

బడుల, పంచాయతీల కంప్యూటర్ల గురించి నాకు ఎక్కువ బెంగ. అంగడికి యజమాని ఉంటాడు, వీటికి ఉండడు. కుప్పంలో 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి ఐ-కమ్యూనిటీ అనే మూడేళ్ల ప్రాజెక్టు మొదలుపెట్టాయి. ఊళ్లలో సమాచార కేంద్రాలు పెట్టారు. సోలారుతో నడిచే ప్రింటరు, డిజిటల్ కెమెరా ఇచ్చి పల్లె ఆడవాళ్లకి ఫొటోలు తీసి అమ్మడం నేర్పారు. పల్లెలో అలాంటి ప్రయత్నం జరగడం గొప్ప సంగతి. కానీ ఏ ప్రాజెక్టుకైనా ఒక గడువు, అందులోని విండోస్‌కి ఇంకో గడువు ఉంటాయి. ఈ రెండో తేదీని ఎవరు గుర్తుపెట్టుకుంటారో, అప్పుడు ఖర్చు ఎవరు పెడతారో కంప్యూటరు ఇచ్చే రోజే కాగితం మీద రాసి ఉండాలి.

11కి పనికిరాని బడి కంప్యూటర్లను మూలన పడేయక్కర్లేదు. కేరళ ప్రభుత్వ బడులు ఏళ్లుగా లినక్స్ మీదే నడుస్తున్నాయి. తెలుగులో లినక్స్ కోసం హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ ఎంతో పని చేసింది. లినక్స్ మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లు ఉన్నాయి, ఏడో తరం యంత్రం మీద అది హాయిగా నడుస్తుంది. టైపింగ్, లెక్కల పట్టికలు, బ్రౌజరు, యూనికోడ్ తెలుగు అన్నీ అందులో ఉంటాయి. పేజ్‌మేకర్‌ని, వేలిముద్ర యంత్రాన్ని మాత్రం లినక్స్ నుంచి ఆశించొద్దు. పాఠాలు చెప్పడానికి వాటితో పనిలేదు.

మారినవాళ్లు చూసుకోవాల్సింది ఒకటి మిగిలింది. విండోస్ 11లో ఏటా ఒక వెర్షను వస్తుంది, హోమ్, ప్రో రకాల్లో ఒక్కో వెర్షనుకి సపోర్టు 24 నెలలే. 23హెచ్2కి 2025 నవంబరు 11న ఆగిపోయింది. 24హెచ్2కి 2026 అక్టోబరు 13 దాకా ఉంది. విండోస్ గుర్తున్న కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో విన్‌వర్ అని ఇంగ్లిషులో కొడితే మీది ఏ వెర్షనో చిన్న కిటికీలో కనిపిస్తుంది. ఏడాదికోసారి, మీ అన్‌సీజన్లోనే, అది చూసుకుంటే చాలు.